పాస్టరు ఇల్లు, పాస్టరు చరిత్ర: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు ప్రొటెస్టెంటు సంఘాల్లో పాస్టరు మరణానంతరం వెలువడే స్మారక రచనల్లో రెండు గుణాలు తప్పక కనిపిస్తాయి. ఒకటి సేవాతత్పరత, రెండోది కుటుంబనిష్ఠ. ఈ రెండో గుణానికి చరిత్ర ఉంది. దక్షిణ అనంతపురం మిషన్ చరిత్ర, 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య, నాగమ్మ దంపతుల జీవితం, బళ్ళారి ఏబ్రహాం కుటుంబ వ్యాజ్యం ఆధారంగా ఆ చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్మారక రచనను చారిత్రక ఆధారంగా ఎలా చదవాలన్న ప్రశ్నను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: పాస్టరు, గృహస్థాశ్రమం, లండన్ మిషన్, సిలోన్ అండ్ ఇండియా జనరల్ మిషన్, ఎర్రగుంట్ల పేరయ్య, స్మారక రచన, రాయలసీమ.

1. ప్రవేశిక

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలు నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న ఆ జిల్లా ఏర్పడే వరకు ఇవి అనంతపురం జిల్లాలో భాగం. అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. అంతకు ముందు ఈ మూడు తాలూకాలూ బళ్ళారి జిల్లాకు చెందినవి. పాలనాపరమైన ఈ మార్పులను ముందే గుర్తు చేయడానికి కారణం ఉంది. ఈ ప్రాంత క్రైస్తవ కుటుంబాల చరిత్రను అనంతపురం పేరుతో ఉన్న పత్రాల్లో మాత్రమే వెతికే పరిశోధకునికి సగం చరిత్రే దొరుకుతుంది. మిగతా సగం బళ్ళారి దస్త్రాల్లో ఉంటుంది.

లండన్ మిషనరీ సొసైటీ 1810లో జాన్ హ్యాండ్స్ ద్వారా బళ్ళారిలో పని ప్రారంభించింది. కడపలో 1822లో మరో కేంద్రం ఏర్పడింది. హ్యాండ్స్ శ్రమ ప్రధానంగా కన్నడ బైబిలు అనువాదం మీద సాగింది. తెలుగు, కన్నడాలు కలిసే ఈ సరిహద్దు ప్రాంతంలో మిషన్ తొలినాళ్లలో కన్నడానికే మొగ్గు కనిపిస్తుంది. శతాబ్దాంతానికి దక్షిణ అనంతపురంలో మరో సంస్థ అడుగుపెట్టింది. 1893లో బెంజమిన్ డేవిడ్‌సన్ నాయకత్వంలో ఏర్పడిన సిలోన్ అండ్ ఇండియా జనరల్ మిషన్ పెనుకొండ, హిందూపురం పరిసరాల్లో పనిచేసింది. అది 1968లో పూనా అండ్ ఇండియన్ విలేజ్ మిషన్‌తో కలిసి ఇంటర్నేషనల్ క్రిస్టియన్ ఫెలోషిప్ అయింది. 1989లో ఆ ఫెలోషిప్ ఎస్.ఐ.ఎమ్. సంస్థలో విలీనమైంది. ఈ విధంగా ఇరుగుపొరుగు గ్రామాల పాస్టర్లే రెండు వేర్వేరు సంప్రదాయాలకు చెందినవారు కావడం ఇక్కడ సాధారణం.

ఈ రెండు సంప్రదాయాల సంఘాల్లోనూ స్మారక రచన మాత్రం ఒకే అచ్చులో ఉంటుంది. జ్ఞాపకార్థ కూడికలో చదివే జీవిత సంగ్రహం, కుటుంబం అచ్చువేయించే చిన్న పుస్తకం, సమాధి ఫలకం మీది నాలుగు పంక్తులు: మూడింటి క్రమమూ దాదాపు ఒకటే. జననం, రక్షణానుభవం, వివాహం, సేవాస్థలాల జాబితా, పిల్లల చదువులు, వ్యాధి, ప్రభువు పిలుపు. ‘మంచి కాపరి, మంచి భర్త, మంచి తండ్రి’ అన్న త్రయం ఇందులో అనివార్యం. ఈ త్రయానికి ఆధారం మొదటి తిమోతి పత్రిక మూడో అధ్యాయం. సంఘాధ్యక్షుడు ముందు తన ఇంటిని చక్కగా నడుపుకోవాలన్న నియమం అక్కడ ఉంది. కనుక కుటుంబనిష్ఠను పేర్కొనడం మృతుని పట్ల ప్రేమను వెల్లడించడంతో ఆగదు. ఆయన పాస్టరు పదవికి అర్హుడే అని సంఘం ఇచ్చే చివరి ధ్రువీకరణ కూడా అదే. ఈ సంగతి గుర్తుంచుకోకపోతే స్మారక రచన కేవలం పొగడ్తగా కనిపిస్తుంది.

2. సన్న్యాసి గురువు, గృహస్థ గురువు

పెళ్లి చేసుకున్న బోధకుడు ఈ ప్రాంతంలో క్రైస్తవానికి మొదటి ముఖం కాడు. 18వ శతాబ్దిలో ఫ్రెంచి జెస్యూట్లు నడిపిన కర్ణాటక మిషన్ తెలుగు సీమ లోపలి భాగాలకు విస్తరించినప్పుడు, ఆ గురువులు స్థానిక సన్న్యాసుల ఆహార నియమాలను, వేషధారణను స్వీకరించారు. వారిలో గాస్తోఁ కర్దూ (1691–1779) భాషాచరిత్రకారులకు సుపరిచితుడు. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ గల పోలికలను పారిస్ విద్వత్సభకు ఆయన 1767లోనే రాసి పంపాడు. కృష్ణాపురం కేంద్రంలో పనిచేసిన ఈ మనిషిని చూసిన రైతు కుటుంబాలకు క్రైస్తవ గురువంటే ఇల్లూ ఇల్లాలూ లేని విరక్తుడు. మఠం కట్టుకున్న స్వామికి ఇచ్చే మర్యాదే ఆయనకూ దక్కింది.

ప్రొటెస్టెంటు మిషన్ వచ్చాక చిత్రం తిరగబడింది. దొర భార్యాబిడ్డలతో బంగ్లాలో ఉంటాడు, ఉపదేశి భార్యాబిడ్డలతో పల్లెలో ఉంటాడు. ఇటువంటి గురువును ఆదరించడానికి తెలుగు శ్రోతకు పూర్వసంస్కారం ఏమైనా ఉందా? ఉందనే చెప్పాలి. రాయలసీమ భక్తి, యోగ సంప్రదాయాలలో గృహస్థ గురువు కొత్తవాడు కాడు. కందిమల్లయపల్లె పోతులూరి వీరబ్రహ్మం గోవిందమ్మతో సంసారం చేసిన గురువుగానే జనస్మృతిలో నిలిచాడు. దూదేకుల సిద్ధయ్య, మాదిగ కక్కయ్య ఆయన శిష్యులుగా కథల్లో కనిపిస్తారు. కదిరికి సమీపంలోని కటారుపల్లెలో వేమన సమాధిని కొలుస్తారు. వేమన సంసారాన్ని వదిలినవాడే అయినా ఆయన పేరుతో చెలామణీ అయ్యే పద్యాల్లో సగం ఇంటి సంగతులే. కులాన్ని లెక్కచేయని గురువు, ఇంటి అరుగు మీద కూర్చుని బోధించే గురువు ఈ నేల మీద ముందే ఉన్నాడు. తరవాత వచ్చిన పాస్టరు ఆ అరుగు మీదే కూర్చున్నాడని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఈ మాటకు కేవలం పోలిక ఆధారం కాదు. మనకు వివరంగా తెలిసిన తొలితరం దళిత పాస్టర్లలో ఒకరి జీవితం దీన్ని నేరుగా సమర్థిస్తుంది.

3. ఎర్రగుంట్ల పేరయ్య, నాగమ్మ

ఎర్రగుంట్ల పేరయ్యది ఒంగోలు సీమలోని తలకొండపాడు. ఆయన మాదిగ, తోళ్ల వ్యాపారి. క్రైస్తవుడు కాకముందే రాజయోగ సాధకుడు. ఆ మండలంలోని మాదిగ, మాల పల్లెల్లో అప్పట్లో రాజయోగ గురుపరంపరలు బలంగా ఉండేవి. వాటిలో వీరబ్రహ్మం అనుయాయుల ప్రభావమూ ఉంది. వ్యాపారం మీద ఏలూరు దిక్కుకు వెళ్లినప్పుడు పేరయ్య క్రైస్తవ బోధ విన్నాడు. ఆ పిమ్మట 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూవెట్ వద్ద భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం పొందాడు. భార్యతో కలిసి అన్న మాట ముఖ్యం. దీని ప్రాధాన్యం కిందికి వస్తాను.

జాన్ క్లౌ ఒంగోలు చేరింది 1866 సెప్టెంబరులో. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది. అదే నెలలో పేరయ్య పిలుపు మీద క్లౌ తలకొండపాడు వెళ్లాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన జనం రోజుల తరబడి చింతతోపులో కూర్చుని విన్నారు. చివరికి 28 మంది బాప్తిస్మం పొందారు. తరవాతి కథ ప్రసిద్ధమే. 1876–78 ధాత కరవు, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో క్లౌ తీసుకున్న గుత్తపని, 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒకే రోజున 2,222 బాప్తిస్మాలు. చరిత్రకారులు ఈ సంఖ్య దగ్గర ఆగిపోతారు. ఆ రోజు నీటిలో నిలబడినవారు స్థానిక బోధకులు. వారికి ముందు పన్నెండేళ్లు పల్లెపల్లెకూ నడిచినవారు పేరయ్య వంటివారు. దొర పేరుతో నమోదైన ఉద్యమానికి కాళ్లు వీరివి.

పేరయ్య గురించి మనకు ఇంత తెలియడానికి కారణం ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. జర్మన్ మూలాలున్న అమెరికన్ కుటుంబంలో పుట్టి, 1882లో ఒంగోలు వచ్చి, తరవాత బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందిన ఈ విదుషి 1894లో క్లౌను పెళ్లాడింది. మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసిన స్త్రీ మాదిగ పల్లెల్లో కూర్చుని వృద్ధుల నోట కథలు విని రాసుకోవడం విశేషమే. 1899లో వెలువడిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’ గ్రంథంలో మాతంగి ఆరాధన, రాజయోగ గురువులు, తొలి బోధకుల జీవితాలు పక్కపక్కనే ఉన్నాయి. మిషన్ నివేదికలో ‘హీదెన్’ అన్న ఒక్క మాటతో కొట్టివేసే పూర్వజీవితానికి ఆమె అధ్యాయాలకు అధ్యాయాలు కేటాయించింది. ఆమె దృష్టికి పరిమితులు లేకపోలేదు. కథ ఎప్పుడూ బాప్తిస్మం వైపే నడుస్తుంది. అయినా పేరయ్య యోగసాధన వ్యర్థమన్న తీర్పును ఆమె ఇవ్వలేదు. దాన్ని ఒక అన్వేషణగా నమోదు చేసింది. తరవాతి స్మారక రచనలు పోగొట్టుకున్న సుగుణం ఇదే.

ఇక నాగమ్మ సంగతి. 19వ శతాబ్దిలో పై కులాల నుంచి వచ్చిన విశ్వాసి సాధారణంగా ఒంటరిగా వచ్చాడు. తెలుగు క్రైస్తవ కీర్తనకు ఆద్యులలో ఒకడైన పురుషోత్తమ చౌధురి (1803–1890) పర్లాకిమిడి సీమలో స్థిరపడిన వంగ బ్రాహ్మణ కుటుంబీకుడు. 1833లో కటకంలో ముప్ఫై ఏళ్ల వయసులో బాప్తిస్మం పొందేనాటికి ఆయన రాధామణి భర్త. అటువంటి ఇళ్లలో బాప్తిస్మమంటే పొయ్యి వేరుపడడం, బంధువుల గడప దాటలేకపోవడం. తలకొండపాడులో అలా జరగలేదు. దంపతులు కలిసి నీటిలో దిగారు, వారి వెనుక బంధువులు, వారి వెనుక పల్లెలు. సామూహిక మతాంతరీకరణను ఆర్థిక కారణాలతో మాత్రమే వివరించే ధోరణి ఇంకా మన విశ్వవిద్యాలయాల్లో ఉంది. బంధుత్వమనే దారి లేకుండా ఆ ఉద్యమం ఒక్క పల్లె కూడా దాటి ఉండేది కాదు. మేనమామ ఇల్లు, వియ్యపు ఊరు, తోళ్లు కొనే సంత: బోధ నడిచిన బాట ఇదే. ఈ బాటలో పాస్టరు ‘కుటుంబీకుడు’ కావడం వ్యక్తిగత సద్గుణానికి మించిన విషయం. అది ఉద్యమ నిర్మాణంలోనే ఉంది.

4. బళ్ళారి ఏబ్రహాం వ్యాజ్యం

మతాంతరీకరణ తరవాత కుటుంబానికి ఏ ధర్మశాస్త్రం వర్తిస్తుంది? ఈ ప్రశ్నకు బ్రిటిషు సామ్రాజ్యంలోని అత్యున్నత న్యాయస్థానం సమాధానం చెప్పవలసి వచ్చినది మన ప్రాంతం నుంచి వెళ్లిన వ్యాజ్యంలోనే. మాథ్యూ ఏబ్రహాం బళ్ళారిలో సారా గుత్తలతో సంపన్నుడైన క్రైస్తవుడు. పూర్వీకులు పరయ కులస్థులు. ఆయన యూరోపియన్ మూలాలున్న షార్లెట్ ఫాక్స్‌ను పెళ్లాడాడు. 1842లో ఆయన చనిపోయాక ఆస్తి విషయమై వితంతువుకూ మరిది ఫ్రాన్సిస్‌కూ మధ్య వివాదం రేగింది. తమది హిందూ అవిభక్త కుటుంబం వంటిదనీ తనకు సోదర భాగం ఉందనీ ఫ్రాన్సిస్ వాదన. తమ ఇల్లు ఈస్టిండియన్ల ఆచారం ప్రకారం నడిచిందని షార్లెట్ వాదన.

1863లో ప్రీవీ కౌన్సిల్ ఇచ్చిన తీర్పు సారాంశం ఇది: మతం మారినవాడు పాత ధర్మశాస్త్రాన్ని వదలవచ్చు, కావాలంటే నిలుపుకోవచ్చు; ఏది ఎంచుకున్నాడో అతని నడవడే చెబుతుంది. ఏబ్రహాం ఇంటి నడవడి హిందూ అవిభక్త కుటుంబానిది కాదని న్యాయమూర్తులు నిర్ణయించారు. రెండేళ్లకు వచ్చిన 1865 భారత వారసత్వ చట్టం క్రైస్తవులకు ఈ ఎంపిక లేకుండా చేసింది. ఈ కుటుంబం మీద చంద్ర మల్లంపల్లి 2011లో ప్రచురించిన గ్రంథం జాతి, చట్టం, కుటుంబం అనే మూడు దారాలను నేర్పుగా విడదీసింది.

ఏబ్రహాంలు పాస్టర్లు కారు. వారు సారా గుత్తదారులని తెలిస్తే మన సంఘపెద్దలు కొందరు నొచ్చుకోవచ్చు కూడా. అయినా ఈ వ్యాజ్యం పాస్టరు చరిత్రకు అవసరం. క్రైస్తవ కుటుంబం అంటే ఏమిటన్నది అప్పటికి ఎవరికీ స్పష్టంగా తెలియదు. భోజనం, దుస్తులు, వివాహం, ఆస్తి అన్నింటిలోనూ అది కొత్తగా తయారవుతోంది. పల్లెలో ఆ తయారీకి నమూనా పాస్టరు ఇల్లే. 1872 భారత క్రైస్తవ వివాహ చట్టం లైసెన్సు పొందిన పాస్టరుకు పెళ్లి జరిపించి రిజిస్టరులో నమోదు చేసే అధికారం ఇచ్చింది. అంతవరకు పల్లెలో కరణం తప్ప మరెవరూ రాయని దస్తావేజును మాలపల్లి నుంచో మాదిగపల్లి నుంచో వచ్చిన ఒక మనిషి రాయడం మొదలుపెట్టాడు. ఆయన సంతకం లేకుండా ఆ పెళ్లి కాగితం మీద నిలవదు. ఈ గౌరవానికి మూల్యంగా ఆయన ఇల్లు అందరి కళ్ల ముందూ ఉండవలసి వచ్చింది.

5. జీతం, బదిలీ, పిడికెడు బియ్యం

వర్షపాతంలో దేశంలోనే అట్టడుగున ఉండే జిల్లాల్లో అనంతపురం ఒకటి. ధర్మవరంలో పట్టు మగ్గం, హిందూపురంలో బెల్లం, చింతపండు సంత, మిగిలిన చోట్ల మెట్టసేద్యం. సంఘస్థులు కూలీలైన చోట సంఘం పాస్టరును పోషించడమెలా? 19వ శతాబ్ది మధ్యలో హెన్రీ వెన్, రూఫస్ ఆండర్సన్ ప్రతిపాదించిన స్వయంపోషణ, స్వయంపాలన, స్వయంవ్యాప్తి సూత్రాలు కాగితం మీద అందమైనవి. లండన్‌లోనో బోస్టన్‌లోనో కూర్చుని కరవుసీమ సంఘాన్ని స్వయంపోషకం కమ్మనడం ఎంత తేలికో చెప్పనవసరం లేదు.

లండన్ మిషన్ ఉపదేశికి మిషన్ నుంచి జీతం వచ్చేది. పెనుకొండ, హిందూపురం పక్క పనిచేసిన జనరల్ మిషన్ ‘విశ్వాస మిషన్’ కోవకు చెందినది. 1865లో హడ్సన్ టేలర్ స్థాపించిన చైనా ఇన్లాండ్ మిషన్ ఈ కోవకు ఆదర్శం. నిర్ణీత జీతం ఉండదు, ఎవరినీ చందా అడగరు, అవసరాలు ప్రార్థన ద్వారా తీరుతాయని నమ్ముతారు. ఈ నియమం మిషనరీకి ఆధ్యాత్మిక శిక్షణ. ఆ సంప్రదాయంలో పెరిగిన తెలుగు పాస్టరు భార్యకు మాత్రం అది పొయ్యి మీది ఎసరు ప్రశ్న. ‘ఏనాడూ చేయి చాచలేదు’ అని స్మారక రచనలో చదివినప్పుడు ఆ వాక్యం వెనుక ఎవరు ఎంత అప్పు చేశారో, ఏ నగ కుదువకు వెళ్లిందో అడగడం చరిత్రకారుని విధి.

పిడికెడు బియ్యం ఆచారం ఈ సందర్భంలో గమనార్హం. అన్నం వండే ప్రతిసారీ స్త్రీ ఒక పిడికెడు గింజలు వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తెస్తుంది. రాయలసీమ పల్లెలో అది కొర్రో జొన్నో అయి ఉండవచ్చు. ఆ గింజలు పాస్టరు ఇంటికి చేరతాయి. సంఘపు లెక్కల పుస్తకంలో డబ్బు కానుకలు ఇచ్చిన పురుషుల పేర్లుంటాయి, ఈ గింజలకు పేర్లుండవు. గింజలు వేరుచేసేది ఒక స్త్రీ, వాటిని వారమంతా సర్దుకునేది మరో స్త్రీ. పాస్టరమ్మగారికి జీతం లేదు, పదవి లేదు. అయితే ఆదివారపు బడి, స్త్రీల కూడిక, పురుడు, చావు, అర్ధరాత్రి తలుపు తట్టే తగువు, అన్నీ ఆమె పనిలో భాగమే. జీతం పొందిన ‘బైబిలు స్త్రీ’ పేరు మిషన్ నివేదికల్లో అప్పుడప్పుడు కనిపిస్తుంది. పాస్టరు భార్య ‘ఆయన సతీమణి’గా మిగులుతుంది.

బదిలీ మరో అంశం. 1908లో దక్షిణ భారత ఐక్య సంఘం, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక లండన్ మిషన్ పాస్టర్లు ఒక పెద్ద వ్యవస్థలో ఉద్యోగులయ్యారు. 1954 నుంచి 1962 వరకు ఆ సంఘానికి మోడరేటరుగా ఉన్న హోస్పేట్ సుమిత్ర రాయలసీమ అధ్యక్షమండల బిషప్పే. వ్యవస్థ పెద్దదైన కొద్దీ బదిలీలు పెరిగాయి. స్మారక రచనలోని సేవాస్థలాల జాబితాను పిల్లల పుట్టిన ఊళ్ల జాబితాతో పక్కపక్కన పెట్టి చూడండి. ఎన్ని బడులు మారాయో, ఏ బిడ్డను ఏ మిషన్ హాస్టలులో వదిలారో తెలుస్తుంది. బెంగళూరు రైలు మార్గం మీద ఉన్న ఈ మూడు పట్టణాల్లో చదువుకున్న పాస్టరు పిల్లలు ఉపాధ్యాయులుగా, నర్సులుగా, రైల్వే ఉద్యోగులుగా ఊరు దాటారు. తండ్రి పేదరికం, పిల్లల ఉద్యోగం ఒకే ఇంటి రెండు తరాల కథ. ఈ మార్పుకు మూలం మిషన్ బడి ఎంతో, తల్లి పొదుపు కూడా అంతే.

6. స్మారక రచన దాటవేసేవి

స్మారక రచనలో అన్నిటికంటె పెద్ద మౌనం కులం గురించినది. దానికి భక్తిపరమైన కారణం ఒకటి చెబుతారు: క్రీస్తులో కులం లేదు. చట్టపరమైన కారణం మరొకటి ఉంది. 1950 రాజ్యాంగ షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులు కానివారు షెడ్యూల్డు కులస్థులు కారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు వచ్చింది, క్రైస్తవులకు రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు, వారి సంతానం బీసీ-సి వర్గంలోకి వస్తారు. ఆ వర్గానికి రిజర్వేషను ఒక శాతం. కనుక తండ్రి పాస్టరని అచ్చులో రాయడం ఒక కుటుంబానికి గర్వకారణం, అదే సమయంలో మనుమడి ధ్రువపత్రానికి చిక్కు. బడి రికార్డులో ఒక పేరు, సంఘం రిజిస్టరులో మరో పేరు ఉండడాన్ని కపటంగా చూపే వ్యాఖ్యానాలు తరచూ వినిపిస్తాయి. రెండు పేర్లూ ఏ ఒత్తిడిలో పుట్టాయో చూడకుండా ఆ తీర్పు ఇవ్వడం పరిశోధన కాదు.

అందువల్ల ఈ ప్రాంత పాస్టర్ల చరిత్ర రాయదలచిన పరిశోధకుడు స్మారక పుస్తకాన్ని ఒంటరిగా చదవరాదు. పక్కన వివాహ రిజిస్టరు ఉండాలి. అందులో వధూవరుల తండ్రుల పేర్లు, నివాసాలు ఉంటాయి కనుక ఏ పల్లెకు ఏ పల్లెతో వియ్యం సాగిందో గీయవచ్చు. సమాధి ఫలకాల భాషను గమనించాలి. కన్నడమా, తెలుగా, ఇంగ్లీషా, ఏ దశాబ్దంలో ఏది మారిందన్నది హిందూపురం వంటి సరిహద్దు పట్టణంలో ప్రత్యేకాధ్యయనానికి తగిన విషయం. కుటుంబ బైబిలు మొదటి ఖాళీ పుటలో రాసుకున్న జనన మరణ తేదీలు చాలాసార్లు పంచాయతీ దస్త్రం కంటె నమ్మదగినవి. ఇవన్నీ ఇళ్లలో, చెక్కపెట్టెల్లో, చెదలకు అందుబాటులో ఉన్నాయి. డిజిటలీకరణ గురించి మాట్లాడే మన శాఖలు తాళపత్రాలకు చూపే శ్రద్ధలో కొంత వీటికి చూపవచ్చు.

మౌఖిక సేకరణలో ముందు ఎవరిని కలవాలన్న ప్రశ్నకు ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ చూపిన దారి ఇప్పటికీ పనికొస్తుంది. ఆమె దొరల దగ్గర కాక పల్లె వృద్ధుల దగ్గర కూర్చుంది. పాస్టరు జీవితం గురించి కుమారుణ్ణి అడిగితే సేవాస్థలాల జాబితా చెబుతాడు. పాస్టరమ్మగారిని అడిగితే ఏ ఊళ్లో బావి ఎంత దూరమో, ఏ ఊళ్లో ఎవరు మొదట గుమ్మంలోకి రానిచ్చారో, ఏ ఏడు గింజల కుండ ఎన్ని వారాలు ఖాళీగా ఉందో చెబుతుంది.